నాకు తెలిసిన ఏడు పిన్ నంబర్లు

పోస్ట్ పెద్దదే. పరీక్షలు అయ్యాక రాద్దామని ఆగాను, ఐతే పరీక్షలు ఎప్పటికీ అయ్యేలా లేవు. ఓపిక ఉన్నోళ్లు చదవండి.

మా ఊళ్లో ఏడుగురి ఏటీఎం పిన్ నంబర్లు నాకు తెలుసు. మొన్న సంక్రాంతి దాకా తెలుసు అనాలి, ఆ సంగతి తర్వాత చెప్తాను. మాది పాడేరు పైన కొండల్లో ముప్పై ఎనిమిది గడపల ఊరు. ఇంటర్ దాటి డిగ్రీకి వచ్చింది నేనే మొదటివాణ్ని. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి బీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. నాకు సీటొచ్చిందని తెలిసిన వారంలోనే జనం మా ఇంటికి రావడం మొదలెట్టారు. మెచ్చుకోడానికి అనుకునేరు. పాస్‌బుక్కులు పట్టుకుని వచ్చారు. "గుంటడు సదువుకున్నాడు గదా, దీన్లో ఏటుందో సూడమను" అని మా అమ్మతో చెప్పి అరుగు మీద కూర్చునేవాళ్లు.

అలా మొదలైంది. కార్డు కొత్తగా వస్తే పిన్ పెట్టేది నేనే. అందుకే ఏడింట్లో మూడింటికి ఒకటే నంబరు. ఉపాధి డబ్బులు పడ్డాయా, పీఎం కిసాన్ రెండు వేలు పడ్డాయా, కాఫీ డబ్బులు ఎంతొచ్చాయి, గ్రూపు లోనుకి ఎంత కోసుకున్నారు, అన్నీ నన్నే అడుగుతారు. మా అమ్మ వాళ్ల డ్వాక్రా గ్రూపు పుస్తకం కూడా సెలవులకి వెళ్లినప్పుడు నేనే రాస్తాను. నేను రాసింది సరిగ్గా ఉందో లేదో చూడగలిగినవాళ్లు ఆ పదిమందిలో ఒక్కరూ లేరు. మా అమ్మ బొగ్గుతో గోడ మీద గీతలు పెట్టుకుంటుంది, అదొక్కటే నాకు ఆడిట్.

మొదటి తరం చదువు గురించి ఇక్కడ చాలామంది రాశారు. ఇంగ్లీష్ భయం, ఫీజులు, సిటీలో చిన్నచూపు, అన్నీ నిజమే. ఈ ఒక్క విషయం మాత్రం ఎవరూ రాయలేదనిపించింది. మన జేబులో వంద రూపాయలు ఉండవు, కాని ఊరి డబ్బంతా మన చేతుల మీదుగా పోతుంది. మనల్ని ఎవరూ చెక్ చేయలేరు. ఇరవై ఏళ్లకే ఇంత నమ్మకం మోయడం అంటే ఏంటో సిటీ ఫ్రెండ్స్‌కి చెప్తే అర్థం కాదు. వాళ్ల ఇళ్లల్లో నాన్న పిన్ కొడుకుకి తెలీదు.

మా మేనత్త విషయం చెప్తాను. ఆమెకి అటవీ హక్కుల పట్టా ఉంది. పీఎం కిసాన్ డబ్బులు పడ్డాయంటే మండలంలో వేలిముద్ర వేసి డబ్బిచ్చే చోటుకి వెళ్లింది. "పడలేదత్తా, మళ్లీ పెట్టు" అన్నాడంట. ఆమె మూడుసార్లు వేలు పెట్టింది. మన వాళ్ల వేళ్లు ఎలా ఉంటాయో తెలుసు కదా, పసుపు తవ్వి, చింతపండు గింజ తీసి గీతలు అరిగిపోయుంటాయి, మిషన్ పట్టకపోవడం కూడా మామూలే. రెండు వేలు తీసుకుని ఇంటికొచ్చేసింది. నెల తర్వాత నేను వెళ్లి పాస్‌బుక్ ప్రింట్ వేయిస్తే ఒకే రోజు, నాలుగు నిమిషాల తేడాలో, రెండుసార్లు రెండు వేలు. అది ఆమె ఉపాధి కూలి డబ్బు.

వెళ్లి అడిగాను. ముందు సర్వర్ అన్నాడు. పుస్తకం చూపించాక డ్రాయర్ లాగి నాలుగు ఐదు వందల నోట్లు ఇచ్చేశాడు. సర్వర్ తప్పైతే డ్రాయర్లోంచి అంత తొందరగా రాదు కదా.

నన్ను పట్టుకున్నది అది కాదు. ఆ మిషన్ దగ్గర కూర్చున్నవాడు మైదానం నుంచి వచ్చిన షావుకారు కాదు. మనోడే. పక్క పంచాయతీ. ఇంటర్ పాసయ్యాడు. మా నాన్నని మావా అని పిలుస్తాడు, మా అత్తని అత్తా అని పిలిచే ఆ వేలు రెండోసారి పెట్టించాడు.

చిన్నప్పట్నుంచి మనం విన్న కథలన్నీ బయటోళ్ల గురించే. చింతపండు తూకంలో కొట్టేసిన వర్తకుడు, ఉప్పు అప్పిచ్చి పసుపు పంటంతా పట్టుకుపోయిన షావుకారు. అవి కట్టుకథలు కాదు. ఆ దళారుల బారి నుంచి కాపాడడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు, మనం జీసీసీ అంటాం. మా అమ్మ ఇప్పటికీ సంతకి బయల్దేరే ముందు పక్కింటోళ్ల స్ప్రింగు కాటా తెచ్చి చింతపండు మూట తూచుకునే వెళ్తుంది. సంతలో కాటా రెండు కేజీలు తక్కువ చూపిస్తే గొడవ పెట్టుకోదు, మూట ఎత్తుకుని ఇంకో దగ్గరికి పోతుంది. కాటాని నమ్మకూడదని ఆమెకి తెలుసు. అక్షరాన్ని ఎలా నమ్మకుండా ఉండాలో ఆమెకి తెలీదు. అక్కడ ఆమెకున్నది నేనే.

బయటోళ్లు మనల్ని "పాపం అమాయకులు, నిజాయితీపరులు" అంటారు. మా కాలేజీలో ఒక లెక్చరర్ క్లాసులోనే అన్నారు, మెచ్చుకుంటున్నాననే అనుకున్నారు. నాకైతే ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టడం నచ్చదు. మా అమ్మ అమాయకురాలు కాదు, ఆమెకి ప్రతి రూపాయి గోడ మీద ఉంటుంది. లెక్క తెలీనివాడు ఎవర్నీ మోసం చెయ్యకపోతే అందులో గొప్పేముంది? లెక్క తెలిసి, ఎదుటివాడికి తెలీదని కూడా తెలిసి, అప్పుడు ఏం చేశాడన్నదే చూడాలి.

హాస్టల్లో డబ్బు గొడవలు వేరే రకం. అవి చిన్నవి, రోజూ ఉంటాయి. ఊళ్లో చేబదులు ఎవరూ రాసుకోరు, బియ్యం అడ్డ తీసుకున్నా, రోజు కూలి సాయం తీసుకున్నా తిరిగొస్తుందని తెలుసు. రూములో అలా కుదర్లేదు. యాభై, ఎనభై అని తీసుకోవడం, మర్చిపోవడం, లోపల గుర్తుండడం. చివరికి తలుపు వెనక కాగితం అంటించాం, తీసుకున్నవాడే రాయాలని రూలు. ఇచ్చినవాడు రాస్తే అడుక్కున్నట్టు ఉంటుందని ఒకడు అన్నాడు, నిజమే అనిపించింది. ఇప్పుడు గొడవలు తగ్గాయి. పూర్తిగా పోలేదు.

ఒకసారి నా రూమ్మేట్ ఫోన్లో యూపీఐకి రెండు వేల ఐదొందలు వచ్చి పడ్డాయి. ఎవరో తెలీదు. రూమంతా బిర్యానీ అంది. పది నిమిషాల్లో ఒకాయన ఫోన్ చేసి ఏడుస్తున్నాడు, పొరపాటున పంపాను, ఈ నంబర్‌కి వెయ్యి బాబూ అని. వాడు వెంటనే పంపేయబోయాడు. నేను ఆపాను. ఎందుకంటే డబ్బు వచ్చిన పేరు ఒకటి, వెయ్యమన్న పేరు ఇంకొకటి. అలా పంపించుకుని, మళ్లీ బ్యాంకులో కంప్లైంట్ పెట్టి రెండోసారి లాక్కునే మోసాలు ఉన్నాయి. అలా అని ఉంచుకుంటామా? పొరపాటున చేతికొచ్చిన సొమ్ము తిరిగివ్వాలని 1872 కాంట్రాక్ట్ చట్టం 72వ సెక్షన్‌లోనే ఉందని లా చదివే సీనియర్ అన్న చెప్పాడు. మర్నాడు క్లాసు మానేసి బ్యాంకుకి వెళ్లి, కాగితం రాసిచ్చి, ఎవరి అకౌంట్లోంచి వచ్చిందో అందులోకే పంపేయమన్నాం. మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. నిజాయితీగా ఉండడానికి కూడా ఒక పూట కూలి పోతుందని అప్పుడు తెలిసింది. బిర్యానీ లేదు, మెస్సులో సాంబారే.

ఇక అసలు విషయానికొస్తాను.

కాలేజీ బయట టీ బడ్డీ దగ్గర తెలిసినవాళ్ల ద్వారా ఒకాయన పరిచయమయ్యాడు. పేరు రాయను. మంచిగా మాట్లాడతాడు, టీ డబ్బులు ఎప్పుడూ తనే ఇస్తాడు. రెండు వారాల తర్వాత అడిగాడు. నీ బ్యాంకు అకౌంటు పాస్‌బుక్, ఏటీఎం కార్డు, దానికి లింకైన సిమ్ము ఇస్తే ఐదు వేలు. గేమింగ్ కంపెనీ అంట, రోజూ డబ్బు తిప్పాలంట, టాక్సు ఇబ్బందులంట. "నీ డబ్బు పెట్టేదేం లేదు తమ్ముడూ, ఊరికే పేరు."

నేను ఏమీ అనలేదు. అప్పుడు ఇంకో మాట అన్నాడు. "మీ ఊళ్లో అకౌంట్లు ఖాళీగానే ఉంటాయి కదా. ఒక్కోదానికి వాళ్లకి మూడు వేలు, నీకు వెయ్యి. వాళ్లు నీ మాట వింటారు."

ఆ రాత్రి నిద్రపట్టక లెక్కేశాను. దాచడమెందుకు, లెక్క అందరికీ వస్తుంది. ఏడు కార్డులు, ఏడు వేలు. నాది ఐదు. పన్నెండు వేలు. అంతకుముందు గాలివానకి మా ఇంటి పైకప్పు సగం లేచిపోయింది, టార్పాలిన్ కప్పుకుని ఉన్నారు. రేకులకి పది వేలు చెప్పారు. అంటే మా ఇంటి కప్పు, నా పరీక్ష ఫీజు, ఇంకా కొంత మిగులు. ఊళ్లో ఏడు ఇళ్లకి మూడేసి వేలు, చూడ్డానికి అందరికీ మంచే. వాళ్లకి ఎందుకో చెప్పక్కర్లేదు కూడా. "కార్డులు కావాలంట అత్తా" అంటే చాలు, ఇచ్చేస్తారు. అదే నాకు భయం వేసింది. ఎవర్నీ ఒప్పించాల్సిన పనే లేదు.

ఆ అకౌంట్లు దేనికి వాడతారో తెలీనివాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి రాస్తున్నాను. ఎక్కడో ఒక పెద్దాయనకి పోలీసులమని వీడియో కాల్ చేసి భయపెట్టి లక్షలు లాగుతారు. ఆ డబ్బు నేరుగా వాళ్ల అకౌంట్లోకి పోదు. ముందు ఇలా అద్దెకి తీసుకున్న అకౌంట్లోకి, అక్కణ్నుంచి నిమిషాల్లో ఇంకో నాలుగింటిలోకి, తర్వాత నగదుగా బయటికి. పోగొట్టుకున్నాయన 1930కి ఫోన్ చేస్తే బ్యాంకులు దారిలో ఉన్న అకౌంట్లు ఆపేస్తాయి. పోలీసులకి దొరికేది ఫోన్ చేసినవాడి పేరు కాదు, అకౌంటు మీదున్న పేరు. అంటే మా మేనత్త పేరు. నోటీసు వేరే రాష్ట్రం నుంచి, మనకి రాని భాషలో వస్తుంది. దాన్ని చదవమని మళ్లీ నా దగ్గరికే తెస్తుంది.

"ఊరికే పేరు" అన్న మాట మనకి కొత్త కాదు. 1959 భూబదలాయింపు నిబంధనలకి 1970లో చేసిన సవరణనే మనం 1/70 అంటాం. ఏజెన్సీలో భూమి ఆదివాసేతరులకి పోకూడదని అది గట్టిగా చెప్పింది. చట్టం వచ్చాక ఏం చేశారు? మనోడి పేరు మీద కాగితం, వేరేవాడి డబ్బుతో బిల్డింగు. ఏజెన్సీ టౌన్లలో ఏ మేడ ఎవరి పేరున ఉందో, అందులో ఎవరుంటున్నారో మన పెద్దోళ్లు వేలు పెట్టి చూపిస్తారు. పేరిచ్చినవాడికి ఏడాదికి ఇంతని ఇచ్చి సరిపెడతారు. ఇచ్చినవాడు చెడ్డవాడని నేను అనను, ఆకలి ఉంటుంది. కాని అప్పుడు అద్దెకి పోయింది పేరు, ఇప్పుడు పోతున్నది అకౌంటు. రెండిట్లోనూ మధ్యలో నిలబడి మాట్లాడిపెట్టింది చదువుకున్నోడే.

మర్నాడు ఆయనకి చెప్పేశాను. నాది ఇవ్వను, వాళ్లవి అడగను అని. గట్టిగా ఏమీ చెప్పలేదు, నా గొంతు వణికింది కూడా. ఆయన నవ్వి "మీ ఏజెన్సీవాళ్లు ఇంతే, బాగుపడరు" అని టీ డబ్బులిచ్చి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం మా ఫ్లోర్‌లో అందరికీ చెప్పాను. ఇద్దరు అప్పటికే ఇచ్చేసున్నారు. ఒకడి అకౌంటు ఆగిపోయి మూడు నెలలైంది, స్కాలర్‌షిప్ కూడా అందులోనే పడేది. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదంట. ఈ గ్రూపులో అలాంటివాళ్లు ఉంటే సిగ్గుపడకండి, ముందు బ్యాంకుకి రాసివ్వండి, తర్వాత పోలీస్ స్టేషన్‌కి ఒక్కరే కాకుండా తోడు తీసుకుని వెళ్లండి.

సంక్రాంతికి ఇంటికి వెళ్లాను. మొదటి పని, ఆ ఏడుగురినీ పాడేరు తీసుకెళ్లి పిన్‌లు మార్పించడం. నంబర్లు చదవలేరు కదా, ఎలా? రెండ్రోజులు పలక మీద తొమ్మిది గళ్లు, కింద సున్నా గీసి నేర్పాను. మా అత్త ముగ్గు పెట్టినట్టు నేర్చుకుంది, పై మూల, దాని కింద, అడ్డంగా అవతలికి, మళ్లీ మధ్యలోకి అని. ఒక్కొక్కరూ లోపలికి వెళ్తే నేను బయట నిలబడ్డాను. ముసలి తాత మాత్రం మూడుసార్లు తప్పు కొడితే కార్డు బ్లాక్ అయ్యింది, మళ్లీ ఇంకో రోజు పోయింది.

అందరూ సంతోషపడ్డారనుకోకండి. మా అమ్మకి చాలా కష్టమేసింది. "నువ్వు సూడకూడదా? నువ్వు నా కొడుకువి కాదా? పట్నం ఎల్లి ఇదా నేర్సుకున్నావు" అంది. ఏం చెప్పాలో తెలీలేదు. నీ డబ్బు నాకు వద్దు అన్నట్టు కాదు, నీ డబ్బు కోసం ఎవరూ నన్ను అడగలేకుండా చేసుకుంటున్నాను అని చెప్పాను. ఆమెకి సగమే అర్థమైంది. నాకు కూడా అంతేనేమో.

ఆ మూడు వేల సంగతి కూడా అందరికీ చెప్పాను. చెప్పకుండా వదిలేస్తే వాళ్ల తరఫున నేనే తీర్మానం చేసినట్టు అవుతుంది కదా. చాలామంది "అలాంటివొద్దు" అన్నారు. మా అక్క మొగుడు, బావ మాత్రం మొహం మీదే అడిగాడు. "నీకు స్కాలర్‌షిప్ వస్తది, హాస్టల్లో తిండి పెడతారు. మాకేటొస్తది? నాకొచ్చే మూడు వేలు నువ్వెందుకు ఆపాలి?" ఆ ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర సరైన జవాబు లేదు. ఆపలేదు బావా, చెప్పాను అంతే అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నెల తర్వాత అక్క ఫోన్ చేసింది. బావ వేరే కుర్రాడి ద్వారా ఇచ్చేశాడు. మూడు వేలొచ్చాయి, నాలుగు రేకులు కొని వంటింటి మీద వేశాడు. మా ఇంటి మీద ఇంకా టార్పాలినే. ఇది చదివి "చూశావా, ఏమైందో" అనే కథ ఉంటుందనుకుంటారేమో, అప్పటికి ఏమీ కాలేదు. పోలీసులు రాలేదు. వాన పడితే వాళ్ల వంటింట్లో కారదు.

పోయిన నెల సెలవులకి వెళ్లినప్పుడు బావే నా దగ్గరికొచ్చాడు, ఎటో చూస్తూ. ఉపాధి డబ్బులు పడ్డాయో లేదో చూడాలి, ఫోన్‌కి మెసేజ్‌లు రావడం లేదు అన్నాడు. సిమ్ వాళ్ల దగ్గరుంటే ఎలా వస్తాయి? ఇద్దరం మండలంలో ఆ వేలిముద్ర మిషన్ దగ్గరికే వెళ్లాం, వేరే చోటు లేదు. ఆధార్ నంబరు కొట్టి, వేలు పెట్టి మినీ స్టేట్‌మెంట్ తీయించాం. మిషన్ దగ్గరున్నోడు చీటీ చూసి, బావకి ఇవ్వకుండా నా చేతిలో పెట్టాడు. "ఇది మంచి డబ్బు కాదు" అన్నాడు మెల్లిగా. ఆ మాట వాడి నోటి నుంచి వినాల్సొచ్చింది.

బయట చింతచెట్టు కింద కూర్చుని చదివాను. నలభై తొమ్మిది వేలు వచ్చాయి, అదే రోజు పోయాయి. తొంభై ఐదు వేలు వచ్చాయి, పోయాయి. చివర్లో మిగిలింది నూట పన్నెండు రూపాయలు. బావ వరి, రాగులు, కాఫీ అన్నీ కలిపినా ఏడాదికి అంత డబ్బు చూసినవాడు కాదు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఎవరియిరా అయ్యి?" అన్నాడు. తెలీదు బావా అన్నాను. "ఆళ్లకి తెలుసా, నా పేరు మీదకొచ్చాయని?" అన్నాడు. తెలిసుంటది అన్నాను.

మర్నాడు మొదటి జీపుకి బ్యాంకుకి వెళ్లాం. అకౌంటు ఆపేయమని, కార్డు, సిమ్ము ఎవరికిచ్చాడో ఉన్నది ఉన్నట్టు తెలుగులో అర్జీ రాశాను. మేనేజర్ గారు చదివి, స్టేషన్‌లో కూడా ఇవ్వండి, మీ మీదికి ప్రశ్నలొస్తాయి, రెడీగా ఉండండి అన్నారు. ఇంకు ప్యాడ్ ముందుకి జరిపారు. బావ వేలు ఇంకులో ముంచబోయి ఆగాడు. కాగితం నా వైపు తిప్పాడు.

"ముందు సదువు. మొత్తం సదువు. తర్వాత ఏస్తాను."

చదివాను. రెండుసార్లు చదివించుకున్నాడు.